డీఎస్‌సీఆర్ క్లాజు దగ్గర కాస్త ఆగి చదవండి

కమర్షియల్ బిల్డింగ్ మీద లోన్ తీసుకునేవాళ్లు వడ్డీ రేటు కోసం గట్టిగా బేరమాడి, డీఎస్‌సీఆర్ (డెట్ సర్వీస్ కవరేజ్ రేషియో, అంటే అప్పు కట్టడానికి ఆదాయం ఎంత సరిపోతుందో చూపే నిష్పత్తి) క్లాజును మాత్రం పైపైన చూసి వదిలేస్తారు. ఏడాది నికర ఆదాయాన్ని ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీల మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఆ నిష్పత్తి. అది అగ్రిమెంట్‌లో రాసిన హద్దు కంటే తగ్గితే, మీరు ఒక్క వాయిదా కూడా తప్పకపోయినా, అద్దెలు బ్యాంకు అదుపులోని ఖాతాకు వెళ్లి, ఖర్చులు పోగా మిగిలిన డబ్బు అక్కడే ఆగిపోవచ్చు.

సంతకానికి ముందే లెక్క వేసుకోండి. ఇప్పుడు 1.35 ఉండి, హద్దు 1.20 అయితే, ఆదాయం 11 శాతం పైచిలుకు తగ్గితే చాలు, హద్దు కిందికి పడిపోతారు. పెద్ద అద్దెదారు ఒక్కరు ఖాళీ చేసినా అంతే. ఫ్లోటింగ్ రేటైతే, వడ్డీ పెరిగినా చాలు, ఆదాయం తగ్గకపోయినా ఇబ్బందే.

నన్నడిగితే, అసలు బేరం ఇందులోంచి బయటపడే దారి గురించి ఆడాలి. చాలా చోట్ల వరుసగా రెండు త్రైమాసికాలు నిష్పత్తి కోలుకుంటేనే డబ్బు వదులుతారు. కొంత అసలు ముందే కట్టి, పెనాల్టీ లేకుండా సరిచేసుకునే హక్కు రాయించుకోండి. ఆగిన డబ్బును కొత్త అద్దెదారు కోసం చేయించే పనులకు వాడుకోవచ్చని కూడా రాయించండి. లేదంటే ఖాళీ నింపడానికే చేతిలో డబ్బుండదు.