షేల్ షేకర్ స్క్రీన్ మార్చే ముందు జాగ్రత్తలు

షేల్ షేకర్ అంటే బావి తవ్వేటప్పుడు పైకొచ్చే మడ్ (డ్రిల్లింగ్ ద్రవం) లోంచి రాతి ముక్కల్ని వేరుచేసే ఊగే యంత్రం. స్క్రీన్ అంటే అందులోని జల్లెడ. జీడిమెట్ల షెడ్డులో ట్రయల్ రన్‌కైనా, బావి తవ్వే రిగ్గు మీదైనా ఇవి తప్పవు.

☐ ముందు కరెంటు సంగతి. స్టాప్ బటన్ నొక్కితే సరిపోదు. ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) ఆఫ్ చేసి, తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. తర్వాత స్టార్ట్ నొక్కి చూడండి, మోటార్ కదలకూడదు. కరెంటు పోయాక కూడా స్క్రీన్లుండే బుట్ట కాసేపు ఊగుతుంది. అది పూర్తిగా నిలిచేదాకా దయచేసి చెయ్యి పెట్టొద్దు.

☐ ఈ షేకర్‌కి మడ్ వచ్చే గేటు మూయండి.

☐ గ్లవ్స్, కళ్లద్దాలు. తెగిన వైరు అంచు సూదిలా గుచ్చుకుంటుంది. ఆయిల్ బేస్ (నూనెతో చేసిన) మడ్ అయితే కింద జారుతుంది, ఆవిరీ వస్తుంది, గాలి ఆడేలా చూసుకోండి.

☐ కొత్త స్క్రీన్ మీద ఏపీఐ నంబరు (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ప్రకారం జల్లెడ ఎంత సన్నదో చెప్పేది) చదవండి. ఏపీఐ 200 అంటే సుమారు 74 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రేణువుల్ని ఆపేది. ఉత్త మెష్ లెక్క (అంగుళానికి ఎన్ని రంధ్రాలన్నది) నమ్మొద్దు.

☐ స్క్రీన్‌ని వెలుతురుకు ఎత్తి చూడండి. చిరుగు కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఆ సందులోంచి దిగిన ఇసుక పంపు ఇంపెల్లర్‌ని అరగదీస్తుంది.

☐ స్క్రీన్ కూర్చునే చోట కింది రబ్బరును వేలితో తడమండి. చాలామంది వదిలేసేది ఇదే. శనగగింజంత కటింగ్ (రాతి ముక్క) ఇరుక్కున్నా స్క్రీన్ సరిగ్గా కూర్చోదు, మడ్ పక్కనుంచి కారిపోతుంది.