తరగతి గదిలో 99వ వార్డు: నమూనా ఎన్నిక నడిపే పద్ధతి

విశాఖలో డిగ్రీ విద్యార్థులకు జర్నలిజం చెబుతున్నాను. మొదటిసారి నమూనా ఎన్నిక పెట్టినప్పుడు మూడు జట్లూ మర్నాటికల్లా నినాదాలు, ఫ్లెక్సీ బొమ్మలు సిద్ధం చేసుకొచ్చాయి. ఓటేసి వచ్చినవారిని ‘మీ అభ్యర్థి ఏం చేస్తానన్నాడు?’ అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు నాదే. ఓటరెవరో చెప్పకుండా ప్రచారం చేయమన్నాను. ఇప్పుడు ఓటర్లతోనే మొదలుపెడుతున్నాను.

వార్డు ఎన్నికనే ఎంచుకోండి. 2021 మార్చిలో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఎన్నికలు 98 వార్డులకు జరిగాయి. మేం 99వ వార్డును కల్పించుకున్నాం. నిజమైన పార్టీల పేర్లు, గుర్తులు రానివ్వకండి. వస్తే పిల్లలు ఇంట్లో విన్న వాదనలనే అప్పజెబుతారు. మా గుర్తులు గవ్వ, తెడ్డు, ముంజకాయ.

నలభై మంది ఉంటే ఎనిమిదేసి మందితో మూడు జట్లు, పన్నెండు మంది ఓటర్లు, ఇద్దరు ఎన్నికల అధికారులు, ఇద్దరు విలేకరులు. పది రోజులు చాలు.

ఓటరు చీటీలు, అంటే ఒక్కో ఓటరు ఏ పాత్ర వేయాలో చెప్పే చీటీలు మాత్రం మీరే, తీరిగ్గా కూర్చుని రాయండి. ఆటకు ప్రాణం అక్కడే ఉంది. పెద జాలారిపేటలో చేపలమ్మే ఆమె, మద్దిలపాలెం ఆటో డ్రైవరు, గాజువాకలో ఉక్కు కర్మాగారం నుంచి రిటైరైన ఉద్యోగి, ఎంవీపీ కాలనీలో అద్దెకున్న కుటుంబం. ప్రతి చీటీకీ వెనుక ఒక అసలు బాధ రాయండి. సరిగా అడిగిన వారికే ఓటరు దాన్ని చెప్పాలి. చేపలమ్మే ఆమెను ‘సమస్యలేమిటమ్మా?’ అంటే ‘ఏముంటాయి బాబూ’ అంటుంది. ‘పొద్దున్న బజారులో ఎక్కడ కూర్చుంటారు, చేపలు కడగడానికి నీళ్లెలా?’ అంటే కుళాయి లేదన్న మాట బయటపడుతుంది. మొదటి మూడు రోజులూ ఈ అడగడానికే ఇవ్వండి.

తర్వాత ఒక్క వాక్యం రాయించండి: ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా. ‘మత్స్యకారుల సంక్షేమానికి కృషి చేస్తాను’ అని రాస్తే నేను కొట్టేస్తాను. ‘ఆరు నెలల్లో చేపల బజారులో రెండు కుళాయిలు పెట్టిస్తాను’ అంటే ఒప్పుకుంటాను. ఆ పని కార్పొరేటర్ చేతిలో ఉన్నదేనా అని కూడా చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతి రాష్ట్ర ప్రభుత్వానిది. దాన్ని పెంచుతానని రాసే జట్టు ప్రతి ఏడాదీ ఉంటుంది. విలేకరులు అక్కడ పట్టుకోవాలి.

కరపత్రం అడుగున ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం ఆగాలి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టిన ఈ నియమాలను మేమూ పాటిస్తాం.

ఏడో రోజు ఉదయం, ముందుగా చెప్పకుండా, తుపాను హెచ్చరిక చీటీ ఇవ్వండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరు మనది. ఆ మాట వినగానే ఓటర్ల ముఖాలు నిజంగానే మారతాయి. సభ రద్దు చేయాలా? ఏ సమాచారం ముందు చెప్పాలి? అరగంటలో తేల్చుకోవాలి. ఒకసారి ఒక జట్టు అభ్యర్థి ఫొటోతో ధైర్యవచనాలు రాసి పంచింది. మరో జట్టు పునరావాస కేంద్రానికి దారి, వెంట తీసుకెళ్లవలసిన వస్తువులు రాసి, గుర్తు కూడా వేయకుండా ఇచ్చింది.

పోలింగ్ అయ్యాక ఫలితం వెంటనే చెప్పకండి. ఎందుకు వేశారో ప్రతి ఓటరూ రెండు వాక్యాలు రాయాలి. ఆ ఏడాది చేపలమ్మే ఆమె పాత్ర వేసిన అమ్మాయి ఇలా రాసింది: ‘ముగ్గురూ నా ఇంటికి వచ్చారు. తెడ్డు గుర్తు వాళ్లు మాత్రం నేను బజారు నుంచి తిరిగొచ్చే వేళ కనుక్కుని వచ్చారు.’ ఓడిన ఇద్దరు అభ్యర్థులతో ఆ చీటీని పైకి చదివించాను.