దేశాల అప్పు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఏ కోర్టు?

పోయినసారి ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 100 కోట్ల డాలర్ల అప్పు ఉంది. డాలరు 200 శ్రీలంక రూపాయల నుంచి 360కి వెళ్తే, 20 వేల కోట్ల భారం 36 వేల కోట్లవుతుంది. కొత్తగా ఒక్క డాలరు తీసుకోకుండానే! మీకు ఈ జవాబు రాకపోతే 2వ పాఠం మళ్లీ చదివి రండి.

ఈసారి చూడాల్సింది, అప్పు పత్రం, అంటే బాండు, ఏ చట్టం కింద రాశారన్నది. ఫైనాన్స్‌లో బండి కొన్నప్పుడు మనం సంతకం పెట్టే కాగితాల్లో, తగాదా వస్తే ఫలానా ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని ఒక లైను ఉంటుంది. ఎవరం చదవం. దేశాలు బయట అమ్మే డాలరు బాండ్లలోనూ అలాంటి లైనే ఉంటుంది. చాలావాటిలో న్యూయార్క్ చట్టం, కొన్నింటిలో ఇంగ్లండ్ చట్టం.

అర్జెంటీనా 2001 చివర్లో చెల్లింపులు ఆపేసింది. 2005లో, 2010లో పాత బాండ్లు తీసుకుని తక్కువ విలువవి ఇస్తానంది. దాదాపు 93 శాతం అప్పుకు ఒప్పందం కుదిరింది. చవగ్గా పాత బాండ్లు కొన్న ఎన్‌ఎంఎల్ క్యాపిటల్ అనే ఫండ్ మాత్రం మొత్తం సొమ్ము కావాలని న్యూయార్క్‌లో కోర్టుకెక్కింది. 2012 అక్టోబరులో ఘనాలోని టెమా రేవులో అర్జెంటీనా నేవీ శిక్షణ నౌక లిబర్టాడ్‌ను కూడా పట్టించింది. సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆదేశించాక, డిసెంబరులో గానీ ఓడ కదల్లేదు.

ఓడ కన్నా పెద్ద దెబ్బ న్యూయార్క్ కోర్టు జడ్జి థామస్ గ్రీసా ఆదేశం. ఎన్‌ఎంఎల్ లాంటివాళ్లకు కట్టకుండా, రాజీపడ్డవాళ్లకు కూడా కట్టకూడదన్నారు. 2014లో అర్జెంటీనా 53.9 కోట్ల డాలర్లు బ్యాంకులో వేసినా, బ్యాంకు వాటిని పంచలేకపోయింది. చేతిలో డబ్బుండి, కడతానంటూనే దేశం ఎగవేతదారు అయింది. చివరికి 2016లో నాలుగు పెద్ద ఫండ్లకు సుమారు 465 కోట్ల డాలర్లు ఇచ్చి బయటపడింది.

సంతకం పెట్టింది అర్జెంటీనాయే కదా అంటారు. నిజమే. కానీ ఆ లైను లేకపోతే అప్పిచ్చేవాళ్లు రారు, వచ్చినా వడ్డీ ఎక్కువ అడుగుతారు. అవసరం తోసుకొచ్చిన సంతకమది. ఓటర్లు ఎన్నుకున్న ప్రభుత్వం కన్నా వేరే దేశపు జడ్జి మాట చెల్లడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇక అభ్యాసం. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపింది. ఆ జులైలో గడువు తీరాల్సిన 100 కోట్ల డాలర్ల బాండు ఒకటుంది. ఆ బాండు మొత్తం విలువలో 75 శాతం చేతిలో ఉన్నవాళ్లు ఒప్పుకుంటే షరతుల మార్పు అందరికీ వర్తిస్తుంది. హామిల్టన్ రిజర్వ్ బ్యాంక్ ఆ బాండులో తన దగ్గర 25 కోట్ల డాలర్లకు పైగా ఉందంటూ న్యూయార్క్‌లో కేసు వేసింది. సరిగ్గా 25 కోట్లు దాటేలా ఎందుకు కొని ఉంటుంది? రెండు వాక్యాల్లో రాయండి.