ఆడియో కన్వర్టర్ మధ్యలో మూసుకుపోతుంటే ఏం చేయాలి: నాన్న క్యాసెట్ల అనుభవం

మా నాన్న హరికథలకు హార్మోనియం వాయించేవారు. శ్రీరామనవమి పందిళ్లలో స్టేజీ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి ఆయనే రికార్డు చేసుకున్న సీ-90 (తొంభై నిమిషాల) క్యాసెట్లు ముప్ఫై ఒకటి మిగిలాయి. పోయిన వేసవిలో రాజమండ్రిలో మా ఇంట్లోనే కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. అంతవరకు బాగానే జరిగింది. ఆ వేవ్ (.wav) ఫైళ్లను బంధువులకు పంపడానికి ఎంపీత్రీలుగా మార్చబోయేసరికి కన్వర్టర్ మొరాయించింది. ‘సీతాకళ్యాణం’ రెండో భాగం దగ్గర 62 శాతానికి వచ్చి టక్కున మూసుకుపోయేది. ఒక్క మెసేజ్ కూడా వచ్చేది కాదు.

తమ్ముడికి ఫోన్ చేస్తే "అక్కా, అది తీసేసి ఇంకోటి వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. అదీ 62 దగ్గరే ఆగింది. అసలు విషయం అప్పుడు అర్థమైంది. ప్రోగ్రామ్ మార్చే ముందు, అదే ఫైలును రెండు మూడు సార్లు నడిపి ఎక్కడ ఆగుతోందో కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ ఒకేచోట ఆగితే ముందు ఫైలునూ, అది ఉన్న డిస్కునూ అనుమానించాలి. ఒకసారి 20 శాతం దగ్గర, ఇంకోసారి 80 దగ్గర ఆగితే కంప్యూటర్ వేడినో, మెమరీనో చూడాలి. ఫైలును ఎంచుకోగానే మూసుకుపోతే చాలాసార్లు పేరుతోనే పేచీ.

నాది ఒకేచోట ఆగే రకం. ఫైలును వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పెట్టి విన్నాను. నాన్న శ్రుతి పట్టి ఆపారు, దాసుగారు పద్యం ఎత్తుకోబోతున్నారు, అక్కడ శబ్దం బిగుసుకుపోయింది. ఫైలు ఉన్నది పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో. దాన్ని డీ డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే కాపీ కూడా సగం దాటాక కదల్లేదు. అంటే డిస్కులో ఆ చోటు పాడైంది, కన్వర్టర్ తప్పేమీ లేదు. మీకూ ఇలా అయితే ఆ డిస్కు మీద రిపేరు ప్రయోగాలు మొదలుపెట్టకండి. కాపీ అయ్యే ఫైళ్లన్నీ ముందు వేరే డిస్కులోకి తీసుకోండి. ఆగిన ఫైలుకు అసలు క్యాసెట్ ఉంది కాబట్టి నేను ఆ సైడు మళ్లీ రికార్డు చేసుకున్నాను. అందుకే కంప్యూటర్లోకి ఎక్కించేశాం కదా అని క్యాసెట్లు పారేయకండి.

ఇంకో ఫైలుది వేరే కథ. రికార్డు అవుతుండగా కరెంటు పోయింది. ఫైలు సైజు 400 ఎంబీ ఉంది, నిడివి మాత్రం సున్నా సెకన్లని చూపించేది. కన్వర్టర్‌కు ఇస్తే వెంటనే క్రాష్. వేవ్ ఫైలు మొదట్లో హెడర్ అని చిన్న భాగం ఉంటుంది, లోపల ఎంత శబ్దం ఉందో అందులోనే రాసి ఉంటుంది. రికార్డింగ్ సరిగ్గా ముగియకపోతే ఆ లెక్క పూర్తికాదు. అప్పటిదాకా రికార్డైన శబ్దం మాత్రం చాలావరకు లోపల భద్రంగానే ఉంటుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో రా డేటా ఎంచుకోండి. సైన్డ్ 16-బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, స్టీరియో, 44100 అని ఇచ్చి, స్టార్ట్ ఆఫ్‌సెట్ దగ్గర 44 వేయండి. మామూలు వేవ్ హెడర్ 44 బైట్లే, దాన్ని దాటి శబ్దం దగ్గర మొదలుపెట్టమని అర్థం. మీరు రికార్డు చేసిన సెట్టింగులు వేరైతే అవే ఇవ్వాలి. బిట్లు తప్పు ఇస్తే రేకుల మీద వాన పడుతున్నట్టు హోరు వస్తుంది. 44100 ఫైలుకు 48000 ఇస్తే పాట వేగం పెరిగి శ్రుతి పైకి పోతుంది. నాన్న హార్మోనియం శ్రుతి నా చెవిలో ఉంది కాబట్టి అది నాకు వెంటనే తెలిసిపోయింది.

సైజు కూడా చూసుకోండి. 16-బిట్, 44100, స్టీరియోలో నిమిషానికి పది ఎంబీ పైచిలుకు, అంటే సీ-90 మొత్తం 950 ఎంబీ దాకా వస్తుంది. అది పెద్ద బరువేమీ కాదు. 24-బిట్, 96000లో పెడితే మాత్రం రెండు గంటల నాలుగు నిమిషాలకే మామూలు వేవ్ ఫైలు తన హద్దైన 4 జీబీని తాకుతుంది. ఆ హద్దు దాటిన ఫైళ్ల దగ్గర చాలా ప్రోగ్రాములు తడబడతాయి. ఒక్కో సైడును ఒక్కో ఫైలుగా కోసుకుంటే సరి. సీ డ్రైవ్‌లో కనీసం కొన్ని జీబీలు ఖాళీ ఉంచండి, తాత్కాలిక ఫైళ్లు మామూలుగా అక్కడే పడతాయి.

పేర్ల సంగతి మన తెలుగువాళ్లు తప్పక చూడాలి. నేను ఫైళ్లకు ముచ్చటగా తెలుగులో పేర్లు పెట్టాను. కొన్ని పాత కన్వర్టర్లు తెలుగు అక్షరాలు చదవలేక కూలిపోతాయి. ఫోల్డర్ పేరూ, విండోస్‌లో యూజర్ పేరూ తెలుగులో ఉన్నా ఇదే తంటా రావచ్చు. ఫైలును నేరుగా డీ డ్రైవ్‌లో చిన్న ఫోల్డర్‌లో పెట్టి, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో పొట్టి పేరిచ్చి చూడండి. మార్పిడి అయ్యాక తెలుగు పేరు మళ్లీ పెట్టుకోవచ్చు, నేనలాగే చేశాను.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే, ముఖ్యంగా కంప్యూటరే ఆరిపోతుంటే, వేడిని చూడండి. మే నెలలో మధ్యాహ్నం పూట ఇరవై ఫైళ్లు ఒకేసారి ఇస్తే నా ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, తెల్లవారుజామున ఒక్కొక్కటిగా ఇచ్చాను, ఒక్కసారీ ఆగలేదు. వేడి లేకున్నా ఆగుతుంటే స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ తెరిచి ర్యామ్ పరీక్షించండి.

ఇవేవీ కాకపోతే స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైప్ చేయండి. వచ్చే పట్టికలో ఆ రోజు ఎర్రగుర్తు మీద నొక్కి టెక్నికల్ డీటెయిల్స్ చూస్తే ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ అనే వరుస కనిపిస్తుంది, ఏ భాగం దగ్గర ప్రోగ్రామ్ కూలిందో అందులో ఉంటుంది. ఎప్పుడో వేసిన కోడెక్ ప్యాక్ (రకరకాల ఆడియో, వీడియో ఫైళ్లు చదవడానికి వేసుకునే ప్రోగ్రాముల కట్ట) పేరు పదే పదే అక్కడ కనిపిస్తే దాన్ని తీసేసి చూడండి.

చివరి పని అసలు మానకండి. మధ్యలో ఆగిపోయిన ఎంపీత్రీ కూడా మామూలుగా మోగుతుంది, మోసపోతాం. వేవ్, ఎంపీత్రీ నిడివి పక్కపక్కన పెట్టి చూడండి, ఆఖరి నిమిషం వినండి. ‘సీతాకళ్యాణం’ రెండో భాగం రెండింట్లోనూ 44 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. మంగళం పూర్తయ్యాక నాన్న హార్మోనియం బెలోస్ (గాలితిత్తి) మూసిన చప్పుడు కూడా ఉంది.