తుఫాన్ల సీజన్‌కు ముందే పెన్‌డ్రైవ్‌లోని డెబ్ ఫైళ్లు తెరిచి చూసుకోండి

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నెట్‌ను నమ్ముకోవడానికి లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన తీరమంతా తడిసి ముద్దయింది. అందుకే ల్యాబ్‌లో, నెట్ సెంటర్‌లో లినక్స్ సిస్టమ్‌లు చూసుకునేవాళ్లు వానలకు ముందే కావలసిన ప్యాకేజీలు (ప్రోగ్రామ్‌లు ఎక్కించే డెబ్ ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లో దించి పెట్టుకుంటారు. మంచి అలవాటే. చిక్కల్లా ఎక్కడంటే, దించుకునేది కొత్త ల్యాప్‌టాప్‌లో, ఎక్కించేది పాత సిస్టమ్‌లో.

అప్పుడొస్తుంది ఫోన్. "అన్నా, ఫైల్ కనపడతా ఉంది, ఎక్కమంటే ఎక్కట్లా. ఏదో అన్‌నోన్ కంప్రెషన్ అంటోంది." ఆ మెసేజ్ పూర్తిగా చదివితే "కంట్రోల్ డాట్ టార్ డాట్ జెడ్‌ఎస్‌టీ" అని ఉంటుంది, చివర్లో "గివింగ్ అప్" అని కూడా. చాలామంది ఆ చివరి మాట చూసి పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు. చదవాల్సింది ఆ జెడ్‌ఎస్‌టీ అన్న మూడక్షరాలు.

డెబ్ ఫైల్ అంటే ఒక మూట. అందులో మూడు ముక్కలుంటాయి: వెర్షన్ రాసిన చిన్న ఫైల్, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్, అసలు సరుకుండే డేటా. వెనక రెండూ ఏదో ఒక పద్ధతిలో కుదించి ఉంటాయి. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాడేది ఎక్స్‌జెడ్ అనే పద్ధతి. దాని మీదే కట్టిన ఉబుంటు మాత్రం 2021 అక్టోబరులో వచ్చిన 21.10 నుంచి జెడ్‌స్టాండర్డ్‌కు మారింది, ఎర్రర్‌లో కనపడే జెడ్‌ఎస్‌టీ అదే. ఫేస్‌బుక్ 2016లో బయటికి వదిలిన పద్ధతి అది. విప్పడం చాలా వేగం. కానీ డెబియన్‌లో ప్యాకేజీలు విప్పే డీపీకేజీ అనే ప్రోగ్రామ్‌కు 1.21.18 వెర్షన్ వచ్చేదాకా అది విప్పడం రాలేదు. కాబట్టి 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 తెరుస్తుంది, డెబియన్ 11 చేతులెత్తేస్తుంది. డెబియన్ 11 మీద కట్టిన మరో లినక్స్ రకం, మింట్ ఎల్‌ఎండీఈ 5దీ ఇదే కథ. పాత ఉబుంటు 18.04, 20.04లకు ఈ బాధ లేదు, వాటికి ముందే నేర్పి పెట్టారు.

ఇక చేయాల్సింది. నెట్ ఉన్నప్పుడే, ఎక్కించబోయే సిస్టమ్‌లోనే, ప్రతి ఫైల్‌నూ తెరిచి చూడండి. దించిన ల్యాప్‌టాప్‌లో చూస్తే ప్రయోజనం లేదు, అది అన్నిటికీ సరే అంటుంది. డీపీకేజీ-డెబ్ కమాండ్‌కు ఇన్ఫో ఆప్షన్ ఇస్తే వివరాలు చూపిస్తుంది, కంటెంట్స్ ఇస్తే లోపలి ఫైళ్ల జాబితా చూపిస్తుంది. రెండూ కొట్టండి. కంట్రోల్ ముక్క ఫైల్‌లో ముందుంటుంది, డేటా వెనకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌లో సగం దిగి ఆగిపోయిన ఫైల్‌కు ఇన్ఫో చక్కగా వస్తుంది, కంటెంట్స్ దగ్గరే బండారం బయటపడుతుంది. "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్" అనో "కరప్ట్" అనో వస్తే అది కంప్రెషన్ పేచీ కాదు, డౌన్‌లోడ్ సరిగ్గా దిగలేదు. మళ్లీ దించుకోండి, ఫైల్ సరిగ్గా దిగిందో లేదో చెప్పే షా256 సంఖ్యను సైట్‌లో ఇచ్చినదాంతో సరిపోల్చుకోండి. ఈ రెంటినీ కలిపేసుకుని రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు.

జెడ్‌ఎస్‌టీ అని తేలితే ముందు చేయాల్సిన పని అదే ప్యాకేజీ మీ డెబియన్ వెర్షన్‌కు ఉందేమో వెతకడం. సాధారణంగా ఉంటుంది. తెలుగు ఫాంట్ల ప్యాకేజీనే తీసుకోండి, ఉబుంటులో ఉన్నట్టే డెబియన్‌లోనూ ఉంది. దాన్ని ఉబుంటు సైట్ నుంచి దించి తంటాలు పడడమెందుకు? ఉబుంటు పీపీఏలను (ఉబుంటు కోసం విడిగా నడిపే ప్యాకేజీ నిల్వలను) డెబియన్ సోర్సుల్లో, అంటే ప్యాకేజీలు దించుకునే చోట్ల జాబితాలో చేర్చడం ఇంకా చెడ్డ పని. ఈ ఎర్రర్‌కు చాలాసార్లు మూలం అక్కడే ఉంటుంది.

అన్నిటికన్నా నయం, ల్యాబ్‌లోని అదే వెర్షన్ సిస్టమ్ ఒకదాంట్లో ప్యాకేజీలు నెట్ నుంచి తెచ్చే ఏపీటీ కమాండ్‌కు డౌన్‌లోడ్-ఓన్లీ చెప్పి దించుకోవడం. డిపెండెన్సీలు, అంటే ఆ ప్యాకేజీ నడవడానికి కావలసిన మిగతా ప్యాకేజీలు కూడా దిగుతాయి. ఒక మెలిక ఉంది: ఆ సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్నవాటిని అది దించదు. కాబట్టి కొత్తగా ఓఎస్ వేసిన సిస్టమ్ మీద దించితేనే పూర్తి సెట్ వస్తుంది.

వేరే దారి లేకపోతే మూట విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. ఏఆర్ కమాండ్‌తో డెబ్‌ను మూడు ముక్కలు చేయండి. జెడ్‌ఎస్‌టీడీ కమాండ్‌తో కంట్రోల్, డేటా టార్ ఫైళ్లు రెండూ విప్పి, ఎక్స్‌జెడ్‌తో కుదించి, మళ్లీ ఏఆర్‌తోనే కలపండి. వరస మాత్రం తప్పకూడదు: ముందు డెబియన్-బైనరీ, తర్వాత కంట్రోల్, ఆఖరున డేటా. తారుమారైతే డీపీకేజీ ఒప్పుకోదు. ఏఆర్ ఉండేది బిన్‌యుటిల్స్ ప్యాకేజీలో. అదీ, జెడ్‌ఎస్‌టీడీ ప్యాకేజీ కూడా ముందే వేసి పెట్టుకోండి. నెట్ పోయాక గుర్తొస్తే ఏం లాభం?

ఇలా కట్టినది ఫాంట్లు, ఐకాన్లు, స్క్రిప్టులైతే దర్జాగా ఎక్కుతుంది. ప్రోగ్రామ్ అయితే అనుమానమే. ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ ఉబుంటు 22.04లో 2.35, డెబియన్ 11లో 2.31. కొత్తదాని మీద కట్టిన ప్రోగ్రామ్ పాతదాంట్లో మూట విప్పుకున్నా నడవకపోవచ్చు. దాన్ని ఫోర్స్ ఆప్షన్లు పెట్టి తోయొద్దు. డీపీకేజీనే ఉబుంటు నుంచి తెచ్చి వేద్దామని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు, అది చెడితే ఇక ఏ ప్యాకేజీ ఎక్కదు. జీలిబ్‌సీ జోలికి అసలే పోవద్దు.

డెబ్ బదులు ఆర్‌పీఎం మూటలుండే ఫెడోరా, సెంటోస్ లాంటి లినక్స్‌లు వాడేవాళ్లకు ఇదే తగాదా "పేలోడ్ ఈజ్ జెడ్‌ఎస్‌టీడీ" అన్న మాటతో కనపడుతుంది. ఫెడోరా 31 నుంచి వచ్చిన ప్యాకేజీలను సెంటోస్ 7 తెరవలేదు. సెంటోస్ 7కు 2024 జూన్‌తోనే సపోర్ట్ అయిపోయింది కాబట్టి దాన్ని సాగదీయకుండా మార్చేయండి.

డెబియన్ 11 వాళ్లకూ వానలు ముదరకముందే 12కు ఎక్కడం మేలు. పాత 32-బిట్ సిస్టమ్‌లకు 12 దాకా దారుంది, డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. అప్‌గ్రేడ్‌ను యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందని చూసుకున్నాకే మొదలుపెట్టండి, ఉరుములప్పుడు వద్దు. మధ్యలో కరెంటు పోతే కంగారుపడి మళ్లీ ఓఎస్ వేసేయకండి. సిస్టమ్ లేచాక డీపీకేజీకి కాన్ఫిగర్ ఆప్షన్, పక్కన చిన్న ఏ ఇచ్చి కొట్టండి. ఆ తర్వాత ఏపీటీకి ఫిక్స్-బ్రోకెన్ చెప్పండి. చాలావరకు సర్దుకుంటుంది.