ఎయిర్ ఫ్రయర్‌లో బ్రౌనీ: లేతగా దింపడం ఎలా?

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు ఎయిర్ ఫ్రయర్ లేని ఇల్లు తక్కువ. పండగ ఆఫర్లలో కొన్నారు, రెండు వారాలు బంగాళాదుంపలు వేయించారు, ఆ తర్వాత ఏదో వీడియో చూసి బ్రౌనీ మీద పడ్డారు. ఆదివారం సాయంత్రం నాలుగు దాటిందంటే నాకు ఫోన్లు మొదలు. "అక్కా, పైన మాడింది, లోపల పచ్చిపిండి!" అని ఒకరు. "ఆంటీ, బాగానే వచ్చింది గానీ కేకులా ఉందేంటి?" అని ఇంకొకరు. బెజవాడ పటమటలో ఈ రెండో అంతస్తు వంటింట్లో నాలుగేళ్లుగా వారానికి ఒకసారైనా బ్రౌనీ చేస్తున్నాను. మొదటి రెండు నెలలూ నావీ అలాగే తగలడ్డాయి కాబట్టి ఎక్కడ తప్పుతుందో నాకు తెలుసు.

అందరూ కొలతల దగ్గర తప్పు జరిగిందనుకుంటారు. కొలతలు బానే ఉంటాయి. తప్పంతా దింపే దగ్గరే. బ్రౌనీని కేకు లెక్కన చూడకండి, అరిసెల పాకం లెక్కన చూడండి. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పన్ను విరుగుతుంది. మధ్యలో ఉండే ఆ కాస్త సమయాన్నే పట్టుకోవాలి. ఇదీ అంతే.

ముందు సామాను. 6 అంగుళాల చదరపు అల్యూమినియం టిన్ను ఒకటి, 2 అంగుళాల లోతు ఉన్నది. వన్‌టౌన్‌లో బేకరీ సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. కొనేముందు మీ ఫ్రయర్ బుట్టను లోపలి వైపు కొలుచుకుని వెళ్లండి. చదరపు టిన్ను మూల నుంచి మూలకు ఎనిమిదిన్నర అంగుళాలు వస్తుంది, గుండ్రటి బుట్టలో పట్టదు. గుండ్రటి టిన్నే గతి అయితే పిండి అంచు దాకా పోయకండి, మిగిలింది చిన్న గిన్నెలో వేసి విడిగా చేసుకోండి. గాజు గిన్నె వద్దు, స్టీలు గిన్నె అసలు వద్దు. స్టీలుకు వేడి సమంగా పాకదు. సిలికాన్ అచ్చు కూడా నాకు నచ్చదు. వేడెక్కడానికి ఒక యుగం పడుతుంది.

ఇక తూకాలు. 100 గ్రాముల డార్క్ చాక్లెట్, 80 గ్రాముల వెన్న, 120 గ్రాముల పంచదార, రెండు మామూలు సైజు గుడ్లు, 50 గ్రాముల మైదా, 15 గ్రాముల కోకో పొడి. ఇంతే. బేకింగ్ పౌడర్ లేదు. బేకింగ్ పౌడర్ పడిందంటే అది నల్ల కేకు, బ్రౌనీ అని పిలవకండి. కప్పుల లెక్క కూడా వద్దు, మీ ఇంట్లో కప్పు వేరు, మా ఇంట్లో కప్పు వేరు. చిన్న తూకం మెషీన్ కొనుక్కోండి. అమూల్ లాంటి ఉప్పు వెన్న వాడితే మళ్లీ ఉప్పు వేయక్కర్లేదు. ఇంట్లో చిలికిన వెన్నపూస వేస్తానంటే దాంట్లో నీళ్లు, మజ్జిగ ఎక్కువ, పిండి పలచబడుతుంది. నెయ్యి వేస్తే సున్నుండల వాసన వస్తుంది. సున్నుండలు నాకూ ఇష్టమే, అది వేరే సంగతి.

చాక్లెట్ గురించి కాస్త చెప్పాలి. కొట్లో "చాక్లెట్" అని చేతికిచ్చేది చాలాసార్లు కాంపౌండ్. వెనక చీటీ చదవండి. కోకో బటర్ అని ఉంటే చాక్లెట్, దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కాంపౌండ్‌తో చేస్తే నోట్లో కరగదు, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. చిత్రమేమిటంటే దేశంలో కోకో ఎక్కువ పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు వైపు వెళితే కొబ్బరి చెట్ల కింద, పామాయిల్ చెట్ల కింద కోకో తోటలే. గంటన్నర దూరంలో కాయ కాస్తుంటే ఇక్కడ మనం మైనం తింటున్నాం. ఇంకో మాట. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మే నెల బెజవాడలో మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో చాక్లెట్ కొని స్కూటర్ మీద ఇంటికొచ్చేసరికి అది పానకం. పొద్దున్నే వెళ్లండి, లేదా చల్లటి డబ్బా పట్టుకెళ్లండి.

పిండి కలపడం పది నిమిషాల పని. ఒక గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు కాచి, దాని మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్టు, వెన్న కలిపి కరిగించండి. అడుగు నీళ్లకు తగలకూడదు. దించి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. సలసలలాడే చాక్లెట్‌లో గుడ్డు కొడితే ఆమ్లెట్ ముక్కలు తేలుతాయి. ఈలోగా పంచదారను మిక్సీలో రెండు తిప్పులు తిప్పండి. మన పంచదార పలుకు లావు, గుడ్డులో తొందరగా కరగదు. బ్రౌనీ మీద తళతళలాడే పల్చటి పొర వస్తుందే, అది గుడ్డులో పంచదార బాగా కరిగితేనే వస్తుంది. గుడ్లు, పంచదార కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా నాలుగైదు నిమిషాలు గిలకొట్టండి. అందులో చాక్లెట్ పోసి, జల్లించిన మైదా, కోకో వేసి, తెల్ల చారలు పోయేదాకా మాత్రమే కలపండి. ఆ తర్వాత కలిపితే మైదా సాగి రబ్బరవుతుంది.

గుడ్డు లేకుండా ఎలా అని అడిగేవాళ్లు చాలామంది. మా అత్తగారి కోసం నేనూ చేస్తాను. రెండు గుడ్ల బదులు 90 గ్రాముల గట్టి పెరుగు వేస్తాను. తినడానికి బాగుంటుంది, పైన ఆ పొర మాత్రం రాదు. రాలేదని నాకు ఫోన్ చేయకండి.

టిన్నులో బటర్ పేపర్ పరిచేటప్పుడు అంచు దాటి పైకి పొడుచుకు రాకుండా కత్తిరించండి. ఇది అందం కోసం చెప్పడం లేదు. లోపల ఫ్యాను ఊదుతుంటే పొడుగ్గా ఉన్న కాగితం వంగి పిండి మీద పడుతుంది, లేదా పైనున్న కాయిల్‌కి తగిలి మాడుతుంది. ఫ్రయర్‌ను 150 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. ఖాళీగా అంటే ఖాళీగానే, కాగితం కూడా ఉండకూడదు. మెషీన్ ప్లగ్ 16 ఆంప్‌ల సాకెట్‌లోనే పెట్టండి, సెల్ ఛార్జర్ పక్కన కాదు. 1500 వాట్ల మెషీన్ ఆరు ఆంప్‌లకు పైనే లాగుతుంది.

ఇక అసలు గండం.

మా అమ్మమ్మ దిబ్బరొట్టె కాల్చేటప్పుడు కింద కుంపటి, పైన మూత మీద కాసిని నిప్పులు పెట్టేది. రెండు వైపులా సెగ ఉండేది. ఎయిర్ ఫ్రయర్‌లో నిప్పంతా పైనే. కాయిల్ పైన, దాని వెనక ఫ్యాను, ఆ వేడిగాలి టిన్ను చుట్టూ తిరుగుతుంది. అందుకని పైభాగం ముందు ఉడుకుతుంది, అడుగు తర్వాత, మధ్యభాగం అన్నిటికన్నా ఆఖరు. ఓవెన్ వంటకంలో 180 అని ఉంటే దాన్నే ఇందులో పెడితే పన్నెండు నిమిషాలకే పైన గట్టి పెంకు కడుతుంది, కింద బురద ఉంటుంది. నేను 150 దాటను. కొందరు 160 అంటారు. వాళ్ల ఇష్టం.

పైన అల్యూమినియం రేకు కప్పమని ఇంకొందరి సలహా. వదులుగా కప్పితే గాలికి లేచి కాయిల్‌కి తగులుతుంది, అది ప్రమాదం. గట్టిగా బిగించి కప్పితే ఆవిరి లోపలే ఉండిపోయి తళతళ పొర పోతుంది. మొదటి నుంచీ 150లో పెడితే రేకుతో పనే లేదు.

టిన్ను పెట్టాక 18 నిమిషాల దాకా ముట్టుకోకండి. సొరుగు లాగిన ప్రతిసారీ వేడంతా వంటింట్లోకి పోతుంది. పిల్లలు వచ్చి "అయ్యిందా?" అంటే కసురుకోండి. 18 నిమిషాలకు సొరుగు మెల్లగా లాగి కొంచెం కదిపి చూడండి. మొత్తం అలలా ఊగితే ఇంకా పచ్చి, మూసేయండి. అంచులు కదలకుండా నిలబడి, మధ్యలో అరచేయంత మేర జున్ను కదిలినట్టు కదిలితే దగ్గరపడినట్టు. అప్పటి నుంచి రెండేసి నిమిషాలకు ఒకసారి చూడాలి. ఈ సమయంలో ఫోన్ ఎత్తకండి, సీరియల్ పెట్టకండి.

టూత్‌పిక్ పరీక్ష రెండు చోట్ల చేయండి. అంచు నుంచి ఒక అంగుళం లోపల గుచ్చితే దాదాపు పొడిగా రావాలి. నడిమధ్యలో గుచ్చితే తడి పలుకులు అంటుకుని రావాలి. ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. కేకుకు అలవాటుపడి, మధ్యలో కూడా పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఉంచుతారు. పుల్ల శుభ్రంగా వచ్చిందంటే బ్రౌనీ అప్పటికే ముదిరింది. మీరు చల్లారాక కోసేది ఇటుక.

మరి పచ్చిపిండికీ తడి పలుకుకీ తేడా ఎలా? పుల్లకి అంటింది తీసి వేళ్ల మధ్య నలపండి, కాలకుండా చూసుకుని. జారుడుగా, జిగురుగా పాకితే పచ్చి. చిన్న ఉండ కడితే సరిగ్గా ఉంది. ఉండపాకం చూసినట్టే. పిండిలో చాక్లెట్ ముక్కలు కూడా వేసుకుంటే ఒక్కోసారి పుల్ల కరిగిన ముక్కకు తగిలి నల్లగా తడిసి వస్తుంది, దాన్ని చూసి కంగారుపడి ఇంకో ఐదు నిమిషాలు పెడతారు. అలా చేయకండి, అర అంగుళం పక్కన ఇంకోసారి గుచ్చండి. నిజంగా పచ్చిగా ఉంటే మాత్రం రుచి చూడొద్దు, పచ్చి గుడ్డు, పచ్చి మైదా రెండూ పొట్టకు మంచివి కావు.

నా మెషీన్‌లో ఇది 23 నిమిషాలకు వస్తుంది. మీ దాంట్లో 20 కావచ్చు, 27 కావచ్చు, అందుకే నిమిషాలను నమ్మొద్దని చెబుతున్నాను. అదే మెషీన్ కూడా రోజూ ఒకలా ఉండదు. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి మొదలై వోల్టేజీ 230 నుంచి 200కు పడితే కాయిల్ ఇచ్చే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. లైట్లు మినుకుమినుకుమంటున్న రోజు ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టినా ఆశ్చర్యపోకండి.

ఉండ కట్టిందా, వెంటనే దించండి. మెషీన్ ఆపేసి లోపలే వదిలేస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. పొయ్యి ఆపినా మూకుడు వేడికి పాకం ముదిరినట్టే, మెషీన్ లోపలి వేడికి, టిన్ను వేడికి ఇంకో పది నిమిషాలు ఉడుకుతూనే ఉంటుంది. బయటికి తీసినా టిన్ను వేడి కొంత లాగుతుంది. ఆ కొంత కోసమే లేతగా దింపేది. గుంటూరులో మా వదిన నెలరోజులు ఇటుకలే చేసింది. కొలత చూశాను, టైము చూశాను, అన్నీ సరే. చివరికి తెలిసిందేమిటంటే మెషీన్ గంట కొట్టాక స్నానానికి వెళ్లి వచ్చి అప్పుడు తీసేదట.

దించాక బండ మీద కాదు, జాలీ మీద పెట్టండి. గంటన్నర దాకా కత్తి దగ్గరికి రానివ్వకండి. వేడి మీద కోస్తే ఎంత బాగా చేసిన బ్రౌనీ అయినా ముద్దలా అంటుకుపోతుంది, చూసినవాళ్లు పచ్చిగా ఉందనే అంటారు. పుస్తకాల్లో గది ఉష్ణోగ్రతలో చల్లార్చమని రాస్తారు. వేసవిలో మన గది ఉష్ణోగ్రత 38, ఆ వేడికి చాక్లెట్ ఎప్పటికీ గట్టిపడదు. మార్చి నుంచి జూన్ దాకా చల్లారాక ఇంకో గంట ఫ్రిజ్‌లో పెట్టి కోయండి. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక కోత. మళ్లీ ముంచి, తుడిచి, ఇంకో కోత. తొమ్మిది ముక్కలు వస్తాయి.

ఒకవేళ చల్లారాక కోస్తే మధ్యలో పిండి కారిందనుకోండి, టిన్నుకు రేకు గట్టిగా బిగించి 140లో 4 నిమిషాలు పెట్టి మళ్లీ చూడండి. ముదిరిపోతే మాత్రం వెనక్కి తేలేం. పొడిచేసి ఐస్‌క్రీం మీద చల్లుకోండి. మూత బిగిసే డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు బాగుంటుంది, తినే ముందు అరగంట బయట పెట్టండి. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకి పార్శిల్ కట్టేవాళ్లు రాత్రి బస్సుకే ఇవ్వండి, పగటి బస్సుకి వద్దు.