హెడ్‌సెట్‌లో గరగర

నల్గొండ దాటి సాగర్ వైపు శిక్షణ విమానంలో వెళ్తుంటే హెడ్‌సెట్‌లో ఉండుండి టిక్‌టిక్‌మంటూ గరగర. నేల నుంచి చెప్పిన ఎత్తు అంకెలు సగం అందులోనే కొట్టుకుపోయాయి. రేడియో పాడైందనుకుని ప్లగ్గులన్నీ తీసి మళ్లీ గుచ్చాను. పక్కనున్న శిక్షకుడు మాట్లాడకుండా నా చొక్కా జేబు చూపించారు. పాత 2జీ ఫోను, హెడ్‌సెట్ తీగను ఆనుకుని!

ఆ రకం ఫోను టవరుకు సంకేతాన్ని ధారగా కాక తునకలుగా పంపుతుంది; కాల్ నడిచేటప్పుడు సెకనుకు సుమారు 217. పక్కనున్న తీగ వాటిని పట్టి మోతగా మారుస్తుంది. సైలెంట్‌లో పెట్టాను, ఫలితం లేదు (గంట మోగడం ఆగింది, సంకేతం ఆగలేదు). ఫ్లైట్ మోడ్‌లో పెట్టగానే నిశ్శబ్దం.

వినపడని అంకెను ఊహించకుండా మళ్లీ అడిగాను, విన్నది అక్షరాలా తిరిగి అప్పజెప్పాను. విమాన రేడియోలో తొమ్మిదిని ‘నైన్’ అనకుండా ‘నైనర్’ అనడం మొదట్లో నాకు నవ్వు తెప్పించేది. ‘నైన్’, ‘ఫైవ్’ ఆ గరగరలో ఒకేలా వినిపించాక నవ్వలేదు.